ఎలక్ట్రాన్లు ఉన్న ఆర్బిటాళ్లు ఎన్నో లెక్కపెట్టడం ఎలా?

చాలామంది ఎలక్ట్రాన్ల సంఖ్యని రెండుతో భాగించేసి ఆన్సర్ పెట్టేస్తారు, అది అన్నిసార్లూ కుదరదండి. ఆర్బిటాల్ అంటే గరిష్ఠంగా రెండు ఎలక్ట్రాన్లు పట్టే చోటు, అందులో ఒక్క ఎలక్ట్రాన్ ఉన్నా సరే అది లెక్కలోకి వస్తుంది. ముందు కాన్ఫిగరేషన్, అంటే 1ఎస్, 2ఎస్, 2పీ లాంటి వాటిలో ఎన్నెన్ని ఎలక్ట్రాన్లు ఉన్నాయో రాసుకోండి, తర్వాత ఒక్కో ఆర్బిటాల్‌కి ఒక్కో గడి చొప్పున ఎస్‌కి 1, పీకి 3, డీకి 5 గళ్లు గీసి, హుండ్ రూల్ ప్రకారం ఒక్కో గడిలో ఒక్కోటి పెట్టుకుంటూ వెళ్లి అన్నిట్లో పడ్డాకే జతలు కట్టాలి. నైట్రోజన్‌లో 7 ఎలక్ట్రాన్లు కదా, 1ఎస్ ఒకటి, 2ఎస్ ఒకటి, 2పీ మూడు, మొత్తం 5.

ఇప్పుడు ఐరన్, అటామిక్ నంబర్ 26. 3పీ దాకా 18 ఎలక్ట్రాన్లు 9 ఆర్బిటాళ్లలో సర్దుకుంటాయి, 3డీలో 6 ఉన్నాయి కాబట్టి ఐదు గళ్లూ వాడినట్టే, 4ఎస్ ఒకటి, టోటల్ 15. అయాన్ అయితే, అంటే ఎలక్ట్రాన్లు కోల్పోయిన ఐరన్ అయితే, ముందు పోయేది 4ఎస్ నుంచే, 3డీ నుంచి కాదు, మార్కులు ఎగిరిపోయేది ఇక్కడే. ఫెర్రస్‌కి (2 ఎలక్ట్రాన్లు పోయిన ఐరన్) 3డీలో 6, ఫెర్రిక్‌కి (3 పోయినది) 5, అయినా రెండిటికీ ఆన్సర్ 14.

క్రోమియంతో జాగ్రత్త! 3డీలో 5, 4ఎస్‌లో 1, అంటే 15. గుడ్డిగా 3డీలో 4 రాస్తే 14 వచ్చి కూర్చుంటుంది. కాపర్‌కి ఆ గొడవే లేదు, ఎలా రాసినా 15. నెగటివ్ అయాన్‌కి ఎలక్ట్రాన్ కలపాలి, కానీ క్లోరిన్‌కీ 9, క్లోరైడ్‌కీ 9, ఎందుకంటే వచ్చినది సగం నిండిన గడిలోకే పోతుంది.