నాండ్ ఫ్లాష్ డ్రైవర్‌లో ఈసీసీ సెట్ చేయడం ఎలా

పాత బోర్డు ఫైల్‌లో ఉన్న ఈసీసీ (ఫ్లాష్ మెమరీలో చెడిన బిట్లను సరిదిద్దే కోడ్) సెట్టింగ్‌ని అలాగే కాపీ కొట్టి పెట్టేస్తే హనుమకొండలో ఏసీ రూములో బోర్డు చక్కగా బూట్ అవుతుంది. అదే బోర్డు రామగుండంలో మే నెల ఎండకి రేకుల డబ్బాలో కూర్చుంటే సంగతి వేరు. వేడికి ఫ్లాష్ సెల్స్‌లోని చార్జ్ త్వరగా కారిపోతుంది, బిట్లు తారుమారవుతాయి, సరిదిద్దే శక్తి తక్కువుంటే ఫైల్‌సిస్టమే పోతుంది. అందుకే ఎన్ని బిట్లు సరిదిద్దాలనే అంకెని లెక్క కట్టి పెట్టండి.

ఎస్‌డీ కార్డు, ఈఎంఎంసీ వాడేవాళ్లకు ఈ పని లేదు, వాటి లోపలి కంట్రోలరే అంతా చూసుకుంటుంది. ఇది బోర్డు మీద రా నాండ్ చిప్ (లోపల అలాంటి కంట్రోలర్ లేని ఉత్తి ఫ్లాష్) పెట్టి, లినక్స్ నడిపేవాళ్ల కోసం.

ముందు చిప్ డేటాషీట్ తెరవండి. 512 బైట్లకు 4 బిట్లనో, 8 బిట్లనో ఈసీసీ అవసరం రాసి ఉంటుంది. అది కనీస అవసరం, అంతకంటే తగ్గించొద్దు. చోటుంటే పెంచుకోవచ్చు. కొన్ని చిప్‌లలో ఈసీసీ లోపలే ఉంటుంది, అలాంటప్పుడు దాన్నే వాడండి, పైనుంచి సాఫ్ట్‌వేర్ ఈసీసీ వేయకండి.

ఇప్పుడు చోటు లెక్క. బీసీహెచ్ అనే ఈసీసీ పద్ధతిలో 512 బైట్ల ముక్కకి, సరిదిద్దాల్సిన ఒక్కో బిట్‌కి 13 బిట్ల పారిటీ (సరిదిద్దడానికి పక్కన దాచే అదనపు బిట్లు) కావాలి. 8 బిట్లకు 104 బిట్లు, అంటే 13 బైట్లు. 2048 బైట్ల పేజీలో అలాంటి ముక్కలు నాలుగు కాబట్టి మొత్తం 52 బైట్లు. ఓఓబీ (ప్రతి పేజీ పక్కన ఉండే అదనపు చోటు) 64 బైట్లు ఉంటే, బ్యాడ్ బ్లాక్ గుర్తుకి 2 తీసేసినా హాయిగా సరిపోతుంది. 16 బిట్లు అడిగితే 104 బైట్లు కావాలి, పట్టవు. యూబీఐ (ఫ్లాష్ బ్లాకులను చూసుకునే కెర్నల్ పొర) ఓఓబీని ముట్టుకోదు, కానీ జేఎఫ్‌ఎఫ్‌ఎస్2 ఫైల్‌సిస్టమ్ అయితే క్లీన్‌మార్కర్‌కి (బ్లాక్ ఎరేజ్ అయిందనే గుర్తు) కూడా చోటు మిగలాలి.

డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్‌ని కెర్నల్‌కి వివరించే ఫైల్) నాండ్-ఈసీసీ-ఆల్గో దగ్గర బీసీహెచ్, నాండ్-ఈసీసీ-స్ట్రెంగ్త్ దగ్గర 8, నాండ్-ఈసీసీ-స్టెప్-సైజ్ దగ్గర 512 పెట్టండి. కంట్రోలర్‌లో హార్డ్‌వేర్ ఇంజిన్ ఉంటే అదే మేలు, సాఫ్ట్‌వేర్ బీసీహెచ్ సీపీయూని తినేస్తుంది. ఇంకోటి, కొన్ని డ్రైవర్లకు సొంత ప్రాపర్టీ ఉంటుంది, టీఐ (టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్) చిప్‌లకు నాండ్-ఈసీసీ-ఆప్ట్ అని వేరేగా రాయాలి. మీ డ్రైవర్ బైండింగ్ డాక్యుమెంట్ (ఏ ప్రాపర్టీ ఎలా రాయాలో చెప్పేది) చదవకుండా ముందుకెళ్లకండి.

ఎక్కువమంది ఇరుక్కునేది బూట్‌లోడర్ దగ్గర. బూట్ రోమ్ (చిప్‌లోనే ఉండే మొదటి బూట్ కోడ్), యూ-బూట్ అనే బూట్‌లోడర్, కెర్నల్, ఒకే డేటాని చదివేవన్నీ ఒకే ఈసీసీని, పారిటీ బైట్లు ఓఓబీలో ఎక్కడున్నాయో కూడా ఒకేలా నమ్మాలి. టీఐ ఏఎం335ఎక్స్ ప్రాసెసర్‌లో, ఇలాంటి 64 బైట్ల ఓఓబీ చిప్‌కి బూట్ రోమ్ బీసీహెచ్8నే (8 బిట్ల బీసీహెచ్) ఆశిస్తుంది, దాన్ని మీరు మార్చలేరు. యూ-బూట్ ఒక లెక్కతో రాసింది కెర్నల్ ఇంకో లెక్కతో చదివితే యూబీఐ వరసగా మైనస్ 74 (సరిదిద్దలేని డేటా) ఎర్రర్లు కక్కుతుంది. పరేషాన్ అయి చిప్ పోయిందని పీకేయకండి, ముందు రెండు వైపులా అంకెలు పోల్చండి. ఈసీసీ మార్చాలంటే మొత్తం ఎరేజ్ చేసి మళ్లీ ఫ్లాష్ చేయాల్సిందే. ఎరేజ్ అంటే మామూలు ఎరేజే. యూ-బూట్‌లో నాండ్ స్క్రబ్ జోలికి పోవద్దు, ఫ్యాక్టరీ వేసిన బ్యాడ్ బ్లాక్ గుర్తులు కూడా చెరిగిపోతాయి.

బిట్‌ఫ్లిప్ థ్రెషోల్డ్ మామూలుగా స్ట్రెంగ్త్‌లో మూడొంతులు, అంటే 8కి 6. చదివేటప్పుడు ఒక ముక్కలో 6 లేదా అంతకంటే ఎక్కువ బిట్లు సరిదిద్దాల్సి వస్తే యూబీఐ ఆ డేటాని వేరే బ్లాక్‌కి మారుస్తుంది. దాన్ని 1కి దించితే ఊరికే ఎరేజ్‌లు పెరిగి చిప్ అరుగుతుంది, 8కి పెంచితే ఇక మార్జిన్ ఉండదు. అలాగే వదిలేయండి.

పెట్టింది పనిచేస్తోందో లేదో తప్పకుండా పరీక్షించండి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (/sys) ఎంటీడీ (కెర్నల్‌లో ఫ్లాష్ విభాగం) కింద ఈసీసీ స్ట్రెంగ్త్, స్టెప్ సైజ్ చూడండి. తర్వాత ఖాళీ పార్టిషన్ మీద ఎంటీడీ-యుటిల్స్‌లోని నాండ్‌బిట్‌ఎర్స్‌ని ఇన్‌క్రిమెంటల్ మోడ్‌లో నడపండి, అది ఒక్కో బిట్ చెడగొడుతూ పోతుంది. ఆ పార్టిషన్‌లో డేటా ఉంటే పోతుంది, జాగ్రత్త. 8 వరకు సరిదిద్ది 9 దగ్గర ఫెయిల్ అవ్వాలి. 2 దగ్గరే చేతులెత్తేస్తే మీ బీసీహెచ్ నడవట్లేదు, ఒక్క బిట్ మాత్రమే సరిదిద్దే హామింగ్ నడుస్తోంది.

డ్రైవర్ సొంతంగా రాస్తుంటే ఎరేజ్ అయిన పేజీలను మర్చిపోకండి. అంతా ఎఫ్‌ఎఫ్‌లు ఉన్న పేజీలో ఒక్క బిట్ తిరగబడినా కొన్ని హార్డ్‌వేర్ ఇంజిన్లు సరిదిద్దలేమని చెప్పేస్తాయి. దానికోసమే కెర్నల్‌లో నాండ్-చెక్-ఎరేజ్డ్-ఈసీసీ-చంక్ అనే ఫంక్షన్ ఉంది.

బోర్డు కొనలేని స్టూడెంట్లు, నిట్‌లో ఉన్నా కాకతీయ యూనివర్సిటీలో ఉన్నా, ల్యాప్‌టాప్‌లోనే నాండ్ చిప్‌ని అనుకరించే నాండ్‌సిమ్ మాడ్యూల్ లోడ్ చేసుకోండి. ఐడీ బైట్లు వరసగా హెక్స్‌లో 20, ఏఏ, 00, 15 ఇస్తే 2048 బైట్ల పేజీలున్న 256 ఎంబీ చిప్ తయారవుతుంది. బీసీహెచ్ పారామీటర్ 8 పెట్టి, బిట్‌ఫ్లిప్స్ పారామీటర్‌కి ఒక చిన్న అంకె ఇచ్చి చదివిస్తే కరెక్టెడ్ బిట్స్ కౌంట్ పెరగడం కళ్లారా కనిపిస్తుంది. అదే బీసీహెచ్ పారామీటర్‌కి 16 ఇచ్చి చూడండి, ఓఓబీలో చోటు చాలక మాడ్యూల్ లోడే కాదు.