‘ఇది అందరికీ తెలిసిందే, దీనికీ మూలం కావాలా?’: వికీలో ఈ గొడవ తెంచుకోవడం ఎలా

తెలుగు వికీపీడియాలో ఓ వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అని ఎవరో మూస (అలాంటి హెచ్చరిక చూపే చిన్న గుర్తు) తగిలిస్తారు. రాసినాయనకు ఒళ్ళు మండుతుంది. అక్కడి నుంచి చర్చాపేజీ, అంటే ఆ వ్యాసం గురించి మాట్లాడుకునే పేజీ, వేడెక్కుతుంది. గొడవ ఏ రకందో ముందు పోల్చుకుంటే తేల్చడం తేలిక.

సమస్య: మా ఊరి సంగతికి నన్నే ఆధారం అడుగుతున్నారు

ఇది నాకే జరిగింది. మా ఊరి వ్యాసంలో ‘ప్రతి మంగళవారం సంత జరుగుతుంది’ అని రాశాను. రెండు రోజులకు మూస పడింది. చిన్నప్పుడు ఆ సంతలో మా అమ్మ వెనక సంచీ మోసినవాణ్ణి, నన్నా అడిగేది అని మూస పీకేశాను. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పీకాను.

కారణం: ఆ సంత సంగతి మా ఊరికి తెలుసు, చదివేవాళ్ళకు తెలియదు. మనం కళ్ళారా చూసింది వికీలో లెక్కలోకి రాదు. ముందే ఎక్కడో ప్రచురితమై, ఎవరైనా వెళ్ళి సరిచూసుకునేలా ఉండాలి. చూపించే బాధ్యత కూడా అడిగినవాళ్ళది కాదు, రాసినవాళ్ళదే. నేను ఒప్పుకోవడానికి వారం పట్టింది.

పరిష్కారం: ఊళ్ళ విషయంలో 2011 జనగణన జిల్లా హ్యాండ్‌బుక్ తెరవండి. బడి, పోస్టాఫీసు, వారం సంత ఊళ్ళో ఉన్నాయా, లేకపోతే 5 కిలోమీటర్ల లోపా, 5-10 మధ్యా, 10 దాటా అన్నది ఊరూరికీ ఉంటుంది. మా సంత అందులో దొరికింది. వారం పేరు మాత్రం లేదు. ‘2011 నాటికి ఊళ్ళో వారం వారం సంత జరిగేది’ అని మార్చి మూలం ఇచ్చాను. మంగళవారం పోయింది. ఏ పేపర్లోనైనా కనబడితే మళ్ళీ చేరుస్తాను.

సమస్య: ‘స్కూల్లోనే చదువుకున్నాం కదా!’

కారణం: జీకే పుస్తకాలు ఒకదాన్ని చూసి ఇంకొకటి రాస్తాయి. మన జాతీయ క్రీడ హాకీ అని అందరం బట్టీపట్టాం. ఏ క్రీడనూ అలా ప్రకటించలేదని 2012లో ఓ ఆర్టీఐ దరఖాస్తుకు క్రీడల శాఖే జవాబిచ్చింది. హిందీ ‘జాతీయ భాష’ అనేదీ అంతే. రాజ్యాంగం 343వ అధికరణంలో ఉన్నది కేంద్రానికి అధికార భాష అనే.

పరిష్కారం: చట్టమో, గెజిటో, ప్రభుత్వ జవాబో వెతకండి. ఎంత వెతికినా దొరక్కపోతే మూసను కాదు, వాక్యాన్ని అనుమానించండి.

ఇదే జబ్బు కాస్త ముదిరితే పింగళి వెంకయ్య గారి దగ్గర బయటపడుతుంది. జాతీయ జెండా రూపకర్త ఆయనేనని తెలుగువాళ్ళలో ఎవరినడిగినా చెబుతారు. తెలుగు రాని వికీపీడియన్ మూలం అడిగితే మనకు అవమానంలా తోస్తుంది. అసలు చిక్కు, ఒక్క వాక్యంలో రెండు జెండాలు ఇరికించడం. 1921లో బెజవాడలో ఆయన గాంధీకి ఇచ్చిన నమూనా ఎరుపు, ఆకుపచ్చ రంగులది. 1947 జులై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలో అంతకుముందున్న రాట్నం బదులు ధర్మచక్రం వచ్చింది. ఈ చివరి రూపం విషయంలో కొందరు చరిత్రకారులు ఐసీఎస్ అధికారి బద్రుద్దీన్ త్యాబ్జీ భార్య సురయ్యా త్యాబ్జీ పేరు చెబుతారు. వాక్యాన్ని రెండుగా విడగొట్టి, దేని మూలం దానికి ఇవ్వండి. వెంకయ్య గారికి దక్కాల్సింది దక్కుతుంది, గొడవా ఆగుతుంది.

సమస్య: నిన్నటిదాకా ఎవరూ అడగలేదు, ఇవాళ అడుగుతున్నారు

కారణం: నిజమే మారిపోయింది. తెలంగాణలో 10 జిల్లాలు 2016 అక్టోబరు 11న 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో 33. ఆంధ్రప్రదేశ్‌లో 13 ఉన్నవి 2022 ఏప్రిల్ 4న 26 అయ్యాయి. ఊరు కదల్లేదు గానీ దాని జిల్లా మారింది.

పరిష్కారం: ‘ప్రస్తుతం’ తీసేసి తేదీ వేయండి, ఆ ఉత్తర్వును మూలంగా ఇవ్వండి.

సమస్య: వాక్యానికో మూస

ఇక్కడ తప్పు రెండోవైపుది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నదానికీ ఆధారం అడిగేవాళ్ళున్నారు. ఇంగ్లీషు వికీపీడియాలో ఆకాశం నీలం అనడానికి మూలం అక్కర్లేదని వాడుకరులు తమ అభిప్రాయంగా రాసిన ఒక వ్యాసం, కావాలని ఇంకో వ్యాసం ఉన్నాయి. గొడవ పడేవాళ్ళు ఎవరికి నచ్చింది వాళ్ళు చూపిస్తారు!

మూస పెట్టే ముందు ఒక్కటే చూసుకోండి: ఈ వాక్యం మీద మీకు నిజంగా అనుమానం ఉందా? ఉంటే అదేమిటో చర్చాపేజీలో రాయండి. లేకపోతే వదిలేయండి. పురుషుల, స్త్రీల సంఖ్యలు కూడితే వచ్చే జనాభాకు వేరే మూలం అక్కర్లేదు. వ్యాసం మొదటి పేరాలో ఉన్న సంగతికి కింద మూలం ఉంటే చాలావరకు అది సరిపోతుంది.

సమస్య: మూలం ఇచ్చారు, అయినా ఒప్పుకోవడం లేదు

కారణం: మూలంగా ఇచ్చిన సైటు వికీపీడియా నుంచే ఎత్తి రాసి ఉంటుంది.

పరిష్కారం: ఆ వాక్యం ఎప్పుడు చేరిందో పేజీ చరిత్రలో (పేజీలో జరిగిన మార్పుల జాబితాలో) చూడండి. సైటులో తేదీ దాని తర్వాతదై, మన అచ్చుతప్పు కూడా అక్కడ అలాగే ఉంటే ఆ మూలం తీసేసి ఇంకోటి వెతకండి.