ఎర్రచందనం మీద వ్యాసాలు కావాలా? లైబ్రరీ డేటాబేస్‌లో ఇలా వెతకండి

తిరుపతిలో పీజీ చదువుతూ ఎర్రచందనం విత్తనాలు సరిగా ఎందుకు మొలకెత్తవో తేల్చే ప్రాజెక్టు తీసుకున్నారనుకుందాం. మామూలుగా గూగుల్‌లో ‘ఎర్రచందనం’ అని కొడితే స్మగ్లింగ్ వార్తలు కుప్పలుగా వచ్చిపడతాయి. పరిశోధన వ్యాసాలకైతే కాలేజీ లైబ్రరీ డేటాబేసులే దారి.

కంప్యూటర్ తెరవకముందే ఒక కాగితం తీసుకోండి. మన చెట్టును ఇంగ్లీషులో ఎన్ని పేర్లతో రాస్తారో అన్నీ రాసుకోండి: రెడ్ శాండర్స్, రెడ్ శాండల్‌వుడ్. అన్నిటికన్నా నమ్మకమైనది శాస్త్రీయ నామం, టెరోకార్పస్ శాంటలైనస్ (Pterocarpus santalinus). ఉత్త శాండల్‌వుడ్ అని వెతికారో, శ్రీగంధం వ్యాసాలు వచ్చేస్తాయి. అది వేరే చెట్టు, కుటుంబమే వేరు. ఎర్రచందనం చిక్కుడు కుటుంబానిది. చాలామందికి రోజులు వృథా అయ్యేది ఇక్కడే. అందుకే ఈ కాగితం మీద అరగంట పెట్టినా ఎక్కువ కాదంటాను.

తర్వాత లాగిన్. క్యాంపస్ నెట్ మీదైతే చాలా డేటాబేసులు నేరుగా తెరుచుకుంటాయి. హాస్టల్ నుంచో ఇంటి నుంచో చూడాలంటే లైబ్రేరియన్ గారిని అడిగి లాగిన్ తీసుకోండి. ప్రభుత్వ విద్యాసంస్థల కోసం 2025 జనవరి 1న ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ మొదలైంది. 30 మంది ప్రచురణకర్తల జర్నల్స్, సుమారు 13,000, అందులో ఉన్నాయి. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందేమో కనుక్కోండి.

ఇక వెతకడం. ఒకే పేరుగా కలిసి రావాల్సిన మాటల్ని కోట్స్‌లో పెట్టండి. ఒకే చెట్టుకున్న పేర్ల మధ్య ‘ఆర్’ (OR) పెట్టి, మొత్తాన్ని బ్రాకెట్లలో ఉంచండి. దాని పక్కన ‘అండ్’ (AND) వేసి, మొలకెత్తడానికి ఇంగ్లీషు మాట రాయండి. ఆ మాట పూర్తిగా రాయకుండా ‘జర్మినేట్’లోని చివరి ‘ఇ’ తీసేసి నక్షత్రం గుర్తు (*) పెడితే జర్మినేట్, జర్మినేషన్ రెండూ వస్తాయి. అండ్, ఆర్ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉంటే మేలు.

ఫలితాలు వందల్లో వస్తే మాటలు టైటిల్‌లోనో సారాంశంలోనో ఉన్నవే చూపించమనండి. గత ఐదేళ్లవే చాలని మొదటే వడపోయకండి. అడవి చెట్ల విషయంలో పాత పరిశోధనలు కూడా ఎంతో పనికొస్తాయి.

ఒక్క మంచి వ్యాసం దొరికితే సగం పని అయినట్టే. దాని చివరనున్న రిఫరెన్సులు చూస్తే పాతవి తెలుస్తాయి. ‘సైటెడ్ బై’ నొక్కితే దాని తర్వాత వచ్చినవి కనిపిస్తాయి.

డబ్బు కట్టమని అడిగితే కట్టకండి. ముందు లైబ్రేరియన్ గారికి చెప్పండి. అక్కడా లేకపోతే వ్యాసం పేజీలో ఉండే రచయిత ఈమెయిల్‌కు మర్యాదగా రెండు వాక్యాలు రాసి అడగండి. పీహెచ్‌డీ గ్రంథాలకైతే శోధ్‌గంగ ఉంది, అది ఉచితం.

దించుకున్న ప్రతి పీడీఎఫ్‌కూ రచయిత పేరు, సంవత్సరం, డీఓఐ నంబరు (ఆ వ్యాసానికి ఇచ్చిన శాశ్వత గుర్తింపు సంఖ్య) అప్పటికప్పుడే నోట్ చేసుకోండి.