క్యూబెక్ రెఫరెండం వార్తను ఎలా చదవాలి

ఫ్రెంచ్ ఎక్కువగా మాట్లాడే కెనడా రాష్ట్రం క్యూబెక్, దేశం నుంచి విడిపోవాలా అని అక్కడి ప్రజలను ఓటుతో అడగడమే ఈ రెఫరెండం. ముందు చూడాల్సింది శాతం కాదు, ప్రశ్న. 1995లో అడిగింది ఒట్టి "విడిపోదామా?" అని కాదు, కెనడా ముందు కొత్త ఆర్థిక, రాజకీయ భాగస్వామ్యం ప్రతిపాదన పెట్టాక సార్వభౌమత్వం సంగతి. 'సార్వభౌమత్వం' అంటే చెవికి మెత్తన, 'విడిపోవడం' అంటే గరుకు. అందుకే వేర్వేరు మాటలతో చేసిన సర్వేలను పక్కపక్కన పెట్టి పోల్చకండి.

తర్వాత గెలుపు గీత ఎక్కడుందో చూడండి. ఆ ఏడాది 'వద్దు' 50.58 శాతం, 'సరే' 49.42, తేడా 54,288 ఓట్లే. చెల్లని ఓట్లే అంతకన్నా ఎక్కువ! సగానికి ఒక్క ఓటు ఎక్కువొస్తే చాలంటుంది క్యూబెక్ చట్టం. ఇలాంటి ఓటింగ్‌పై కెనడా పార్లమెంటు 2000లో చేసిన స్పష్టత చట్టం మాత్రం అంకె చెప్పదు. వచ్చిన మెజారిటీ చాలుతుందో లేదో ఓటింగ్ అయ్యాక పార్లమెంటు దిగువ సభ తేలుస్తుందట. అసలు పేచీ ఇక్కడే.

'సరే' గెలిచినా మర్నాడే కొత్త దేశం పుట్టదు. 1998 సుప్రీంకోర్టు అభిప్రాయం ప్రకారం, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన మెజారిటీ వస్తే మిగతా కెనడా చర్చలకు కూర్చోవాలి, అంతే.