మిగిలిన గుమ్మడికాయ, 4వ పాఠం: తొక్క, గుజ్జు, గింజలు (అంతకుముందు ఒరుగుల సంగతి)

పోయిన పాఠంలో గుమ్మడి ఒరుగులు ఎండబెట్టడం చెప్పాను. ఆ తర్వాత నాకు చేరిన కబుర్లన్నీ బూజు గురించే. గుణుపురంలో ఒకావిడ వారం తర్వాత డబ్బా మూత తీస్తే లోపలంతా తెల్లటి నూగు. రాయగడలో ఒకరికి నల్లమచ్చలు. ఇక్కడ పర్లాకిమిడిలో, మా వీధిలోనే, ఇద్దరికి ముక్కలు జిగురుగా అంటుకుపోయాయి. "బాగా ఎండాక డబ్బాలో పోయండి" అని ఒక్క మాటలో తేల్చేశాను. ఆ 'బాగా' అంటే ఎంతో చెప్పలేదు. ముందు అది సరిచేద్దాం.

ముక్క మందం రెండు రూపాయి బిళ్ళలు ఒకదానిమీద ఒకటి పెట్టినంతే ఉండాలి. కూరకు తరిగినట్టు తరిగితే పైన గట్టి పొర కట్టేస్తుంది. లోపలి తడికి బయటికి దారి ఉండదు. ముక్కల్ని మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ముంచి, చన్నీళ్ళలో వేసి, గుడ్డ మీద ఆరాకే ఎండలో పెట్టండి. రంగు కూడా నిలుస్తుంది.

మార్గశిరంలో మా వైపు సాయంత్రం నాలుగున్నరకే డాబా మీద చాప చల్లబడుతుంది. ఆ వేళకే లోపలికి తెచ్చెయ్యాలి. రాత్రి మంచులో వదిలేస్తే పగలంతా పోయిన తడి తెల్లారేసరికి మళ్ళీ పట్టేస్తుంది.

ఇక డబ్బా. ఎండలోంచి తెచ్చిన ముక్కల్ని వేడిగానే స్టీలు డబ్బాలో పోసి మూత బిగిస్తారే, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మూడు రోజుల ఎండా, చాకిరీ ఆ ఒక్క నిమిషంలో పోతాయి. ముందు ఒక ముక్క విరిచి చూడండి. టప్‌మని విరగాలి. వంగిందంటే తడి ఉన్నట్టే. విరిగినా సరే, ముక్కలు పూర్తిగా చల్లారాక గాజు సీసాలో ముప్పాతిక వంతు మాత్రమే నింపండి. వారం రోజులు రోజూ ఒకసారి కుదిపి, సీసాను వెలుతురుకు ఎత్తి చూడండి. లోపలి గోడకు సన్నటి చెమ్మ కనిపించిందా, అన్నీ మళ్ళీ ఎండకే. స్టీలు డబ్బాలో ఆ చెమ్మ కంటికి కనపడదు, అందుకే మొదటి వారం గాజు సీసా అంటున్నాను. తర్వాత దేంట్లో పోసుకున్నా మీ ఇష్టం.

బూజు పట్టిన డబ్బాలోని ముక్కల్ని దులిపి వాడకండి, మొత్తం పెంటకుప్పలో వేసెయ్యండి. చేదు కాయ కూడా అంతే. వండేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూసి, చేదుగా ఉంటే ఉమ్మేయండి. ఆ చేదు కుకుర్బిటాసిన్ అనే పదార్థానిది. ఉడికించినా పోదు, వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. వృథా చెయ్యకూడదన్న పట్టుదల అక్కడ వద్దు. ఆ గింజలు విత్తనానికీ వద్దు.

ఇప్పుడు ఈ వారం పాఠం. కోసిన కాయ కుళ్ళేది మధ్యనుంచి, గింజలున్న తడి గుజ్జులోంచి. కాబట్టి కోసిన వెంటనే ఆ గుజ్జు గీకి తియ్యండి. నేను కొబ్బరి కోరాముతో గీకుతాను, చెంచా వంగిపోతుంది. సగం కాయను గుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు రోజులు ఉంటుంది. కొయ్యని కాయకు తొడిమె ఊడకుండా చూసుకోండి చాలు, గాలి తగిలే చోట నెలలు నిలుస్తుంది.

గీకిన గుజ్జు పారెయ్యొద్దు. మా పక్కింటి ఒడియావాళ్ళు గుమ్మడిని కఖారు అంటారు, దాల్మాలో, అంటే కూరగాయలు వేసి వండే పప్పులో, ముక్కలతోపాటు ఈ పీచూ వేసేస్తారు. పప్పులో కరిగి చిక్కదనం ఇస్తుంది. మన పులుసులోనూ అంతే. గింజల్ని నీళ్ళలో నలిపి జిగురు వదిలించి, రెండు రోజులు ఆరబెట్టి, సన్నటి సెగ మీద వేయించండి.

తొక్కకు గోటి పరీక్ష ఉంది. గోరు దిగితే పచ్చడికి, దిగకపోతే పశువులకు. పచ్చడికైతే బాగా కడిగి, సన్నగా తరిగి, చెంచాడు నూనెలో పచ్చివాసన పోయి అంచులు ముడుచుకునేదాకా మగ్గించండి. నీళ్ళు పొయ్యకండి. పచ్చిమిర్చి, కాస్త చింతపండు, వేయించిన నువ్వులు, ఉప్పు వేసి కచ్చాపచ్చాగా రుబ్బి ఆవాలతో పోపు పెట్టండి. నేను వెల్లుల్లి వెయ్యను, తొక్కకున్న తియ్యటి వాసన దాని కింద పోతుంది.

అభ్యాసం: సంతలో నాలుగు కిలోల కాయ ఒకటి కొనండి. వారం రోజుల్లో దాంతో పులుసు, దాల్మా, పచ్చడి, వేయించిన గింజలు, ఒక సీసా ఒరుగులు చెయ్యాలి. చెత్తబుట్టలోకి తొడిమె తప్ప ఏమీ పోకూడదు. సీసా గోడ మీద చెమ్మ ఏ రోజు కనిపించిందో, ఏ రోజు ఆగిందో కాగితం మీద రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.