తలకు దెబ్బ తగిలితే ఆట ఆపాల్సింది మీరే: హైదరాబాద్ తిరిగొచ్చిన తల్లిదండ్రులకు

అమెరికా నుంచి తిరిగొచ్చి కోకాపేటలోనో నల్లగండ్లలోనో ఇల్లు కుదిరి, స్కూలు అడ్మిషన్ అయిందో లేదో, పిల్లలు ఫుట్‌బాల్ కోచింగ్ ఎక్కడని అడుగుతారు. మనం ఫీజు, టైమింగులు కనుక్కుంటాం. తలకు దెబ్బ తగిలితే ఏం చేస్తారన్నది కూడా ఆ రోజే అడగండి.

అక్కడ ఈ బాధ్యతలో కొంత చట్టం మోసేది. వాషింగ్టన్ రాష్ట్రం 2009లో మొదలుపెడితే, 2014 కల్లా 50 రాష్ట్రాల్లోనూ పిల్లల ఆటల్లో కంకషన్‌పై, అంటే దెబ్బకు మెదడు అదిరి దాని పనితీరు దెబ్బతినడంపై, చట్టాలు వచ్చాయి. సీజన్ మొదట్లో మీ చేత సంతకం పెట్టించిన ఫారం వాటివల్ల వచ్చిందే. ఇక్కడ టర్ఫ్ దగ్గర అలాంటి ఫారం ఎవరో ఇస్తారని చూడకండి.

మన కోచ్‌లు పిల్లల మంచి కోరేవాళ్లే. పడగానే పరిగెత్తుకొచ్చి ముఖం మీద నీళ్లు చల్లి, "ఏం కాలేదు, లే, ఆడు" అని ధైర్యం చెబుతారు. కానీ కంకషన్‌కి రక్తం రానక్కర్లేదు, స్పృహ తప్పనక్కర్లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, చూపు మసకబారడం, వికారం, చెప్పిందే మళ్లీ మళ్లీ అడగడం, వీటిలో ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట బంద్. తేరుకున్నట్టు కనిపించినా సరే. 2020 డిసెంబర్‌లో కాన్‌బెర్రా టీ20లో రవీంద్ర జడేజా హెల్మెట్‌కు బంతి తగిలినా బ్యాటింగ్ కొనసాగించాడు. కళ్లు తిరుగుతున్నాయని డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లాకే చెప్పాడు, అతని బదులు చాహల్ దిగాడు. కోచ్ వినకపోతే ఈ సంగతి చెప్పండి, క్రికెట్ మాట చెబితే వింటారు.

పదేపదే వాంతులు, ఫిట్స్, పెరుగుతూ పోయే తలనొప్పి, చేతులు కాళ్లలో బలం తగ్గడం, మగత, స్పృహ తప్పడం, మెడ నొప్పి... వీటిలో ఏదున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. మెడ నొప్పి అంటే కదిలించొద్దు, హెల్మెట్ లాగొద్దు. సాయంత్రం ఆరింటి ట్రాఫిక్‌లో కారులో పడుకోబెట్టి బయల్దేరడం ప్రమాదం.

డాక్టర్ చూసి ఇంటికి పంపాక ఇంట్లో పెద్దవాళ్లు "నిద్రపోనివ్వకండి" అంటారు. ప్రమాద లక్షణాలేవీ లేవని డాక్టర్ తేల్చాక నిద్రపోవచ్చు, మొదటి రాత్రి మాత్రం ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటివి మీ అంతట మీరు వేయొద్దు. "సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది కదా" అని రేపే గ్రౌండుకు పంపే ఇళ్లున్నాయి. సీటీలో తెలిసేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివే, కంకషన్ అందులో కనపడదు.

మొదటి ఒకటి రెండు రోజులు ఫోన్, టీవీ తగ్గించి తేలికగా నడవనివ్వండి. తర్వాత ముందు స్కూలు, ఆపైన ఆట. నడక, జాగింగ్, ఒంటరిగా డ్రిల్స్, ఇలా ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు ఇవ్వాలి. తలనొప్పి ఎక్కువైతే ఆపి, తగ్గాక ఒక మెట్టు కిందినుంచి మళ్లీ మొదలుపెట్టాలి. మ్యాచ్‌కు డాక్టర్ ఒప్పుకోవాల్సిందే. పిల్లలు కోలుకోవడానికి నాలుగు వారాలు కూడా పట్టొచ్చు. ఆలోపు ఇంకో దెబ్బ తగిలితే అరుదుగా ప్రాణం మీదికే రావచ్చు.

ఇక్కడి పిల్లలు పొద్దున స్కూల్ టీమ్‌లో, సాయంత్రం అకాడమీలో, ఆదివారం అపార్ట్‌మెంట్ బాక్స్ క్రికెట్‌లో ఆడతారు. అకాడమీ కోచ్‌కి చెబితే సరిపోదు. పీఈటీ సార్‌కి, క్లాస్ టీచర్‌కి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మిగతా అమ్మానాన్నలకూ ఆ రోజే మెసేజ్ పెట్టండి.