రాత లెక్కకు రెండు పట్టీలు

నాలుగో తరగతి చదివే మా వాడు తీసివేతలు చకచకా చేస్తాడు. రాత లెక్కలో మాత్రం ‘ఎక్కువ’ అని కనబడితే చాలు, కూడేస్తాడు. తిరుపతి పిల్లోడు కదా అని ఇది ఇచ్చినాను: ‘అలిపిరి దారిలో 3,550 మెట్లు. అవి శ్రీవారి మెట్టు దారి కన్నా 1,162 ఎక్కువ. శ్రీవారి మెట్టు దారిలో ఎన్ని?’ టక్కున 4,712 అన్నాడు!

అంకెల మీద చెయ్యి పెట్టి, ‘ఏ దారికి మెట్లు ఎక్కువరా?’ అన్నాను.

‘అలిపిరికే నాయనా, ఆ మాత్రం తెలీదా!’

అయితే గీయమన్నాను. అలిపిరికి పొడుగు పట్టీ, దాని కింద శ్రీవారి మెట్టుకు పొట్టి పట్టీ, తేడా ముక్క మీద 1,162. ఇక నేను చెప్పే పనే లేకపోయింది, 2,388 వచ్చేసింది. సింగపూర్ బడుల్లో 1980ల నుంచే ఇట్లా గీయిస్తున్నారు. ‘మొత్తం అంటే కూడిక, మిగిలితే తీసివేత’ అని బట్టీ పట్టించే గైడ్లు నాకు గిట్టవు. ఇప్పుడు జవాబును లెక్కలో పెట్టి మళ్లీ చదివిస్తున్నాను: 2,388కి 1,162 కలిపితే 3,550 రావాల.